విండోస్ రికవరీ పెన్ డ్రైవ్: అపోహలు – వాస్తవాలు

విండోస్ ఎక్కని ల్యాప్‌టాప్ పట్టుకుని రిపేర్ షాపుకు వచ్చేవాళ్లు మొదట అడిగేది ఒకటే: "అన్నా, నా ఫొటోలు పోవు కదా?" ఆ ప్రశ్నకు జవాబు ల్యాప్‌టాప్ షాపుకు రాకముందే, అది బాగా పనిచేస్తున్న రోజుల్లోనే చాలావరకు తేలిపోయి ఉంటుంది. అప్పుడు మూడు పనులు చేసి ఉండాలి. రికవరీకి ఒక పెన్ డ్రైవ్ తయారు చేసుకోవాలి, డిస్క్ ఎన్‌క్రిప్షన్ కీ (తాళం వేసి ఉన్న డిస్క్‌ను తెరిచే అంకెలు) రాసిపెట్టుకోవాలి, సొంత ఫైళ్లకు వేరే చోట కాపీ ఉంచుకోవాలి. చాలామంది వీటిలో ఒకటి చేసి మూడూ చేసేశామనుకుంటారు. అసలు ఇబ్బంది అక్కడే వస్తోంది. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేవి విండోస్ 10, 11 కాబట్టి వాటి గురించే రాస్తున్నాను.

అపోహ: "ల్యాప్‌టాప్‌లోనే రికవరీ పార్టిషన్ ఉంది, మళ్లీ పెన్ డ్రైవ్ ఎందుకు?"

ఉన్నమాట నిజమే. విండోస్‌ను బాగుచేసే టూల్స్ కోసం డిస్క్‌లో విడిగా ఉంచిన భాగం అది. చాలా సందర్భాల్లో అది పనిచేస్తుంది కూడా. కానీ ఆ పార్టిషన్ ఉండేది మీ విండోస్ ఉన్న ఎస్ఎస్‌డీలోనే, అంటే అదే డిస్క్‌లోనే. ఎస్ఎస్‌డీ చనిపోతే రెండూ కలిసి పోతాయి. ఇంటి తాళం చెవి ఇంట్లోనే పెట్టి తలుపు వేసుకున్నట్టు.

డిస్క్ బాగానే ఉన్నా ఆ పార్టిషన్ ప్రతిసారీ పనిచేస్తుందన్న హామీ లేదు. 2025 అక్టోబర్ 14న విండోస్ 11కి వచ్చిన అప్‌డేట్ తర్వాత, రికవరీ స్క్రీన్‌లో యూఎస్‌బీ కీబోర్డ్, మౌస్ పనిచేయడం మానేశాయి. విండోస్ లోపల ఏ ఇబ్బందీ లేదు. రికవరీలోకి వెళ్తేనే వాటితో ఏ బటనూ నొక్కలేని పరిస్థితి. మైక్రోసాఫ్ట్ అక్టోబర్ 20న సవరణ ఇచ్చింది. విండోస్ ఎక్కకుండా ఆగిపోయిన మెషీన్ ఆ సవరణను డౌన్‌లోడ్ చేసుకోలేదు కదా! అలాంటివాళ్లకు మైక్రోసాఫ్ట్ చూపించిన దారుల్లో, ముందే తయారు చేసి పెట్టుకున్న రికవరీ డ్రైవ్ ఒకటి. అంతకు ముందు 2024 జనవరిలో విండోస్ 10కి వచ్చిన ఒక అప్‌డేట్, రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ లేని మెషీన్లలో ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది. కొన్నప్పుడు ఉన్న పార్టిషన్ ఎప్పటికీ అలాగే ఉంటుందనుకోవద్దు. అప్‌డేట్లు దాన్ని కూడా మారుస్తుంటాయి.

అపోహ: "రికవరీ డ్రైవ్ అన్నా, ఇన్‌స్టాలేషన్ పెన్ డ్రైవ్ అన్నా ఒకటే"

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. చూడటానికి రెండూ బూట్ అయ్యే (కంప్యూటర్‌ను వాటి నుంచే మొదలుపెట్టగలిగే) పెన్ డ్రైవ్‌లే, కానీ వాటి పనులు వేరు.

రికవరీ డ్రైవ్‌ను మీ మెషీన్‌లో, మీ మెషీన్ కోసమే తయారు చేసుకుంటారు. స్టార్ట్ మెనూలో "రికవరీ డ్రైవ్" అని వెతికితే ఆ టూల్ వస్తుంది. మొదటి స్క్రీన్‌లోనే సిస్టమ్ ఫైళ్లను కూడా బ్యాకప్ చేయమంటారా అని ఒక టిక్ ఉంటుంది. దాన్ని తీసేస్తే తొందరగా అయిపోతుంది, కానీ డ్రైవ్‌లోకి వచ్చేది రిపేర్ టూల్స్ మాత్రమే. టిక్ ఉంచితే, విండోస్‌ను తిరిగి వేయడానికి కావలసిన ఫైళ్లు కూడా అందులోకి వస్తాయి. అప్పుడు కనీసం 16 జీబీ పెన్ డ్రైవ్ కావాలి. 32 జీబీది కొనమని చెబుతాను, ధరలో పెద్ద తేడా ఉండదు. పాత, నెమ్మదైన పెన్ డ్రైవ్ అయితే గంట దాటినా పట్టొచ్చు. మధ్యలో ఆగిపోయిందనుకుని పీకేయకండి.

ఇన్‌స్టాలేషన్ పెన్ డ్రైవ్ మైక్రోసాఫ్ట్ సైట్‌లోని మీడియా క్రియేషన్ టూల్‌తో తయారవుతుంది. 8 జీబీ చాలు. ఏ కంప్యూటర్‌లో చేసినా వేరే కంప్యూటర్‌కు వాడొచ్చు. ఇందులో ఉండేది సాధారణ విండోస్. మీ ల్యాప్‌టాప్ కంపెనీ వేసే ప్రత్యేక డ్రైవర్లు (హార్డ్‌వేర్‌ను విండోస్ గుర్తించడానికి కావలసిన చిన్న సాఫ్ట్‌వేర్లు) ఉండవు.

ఈ తేడా ఎక్కడ బయటపడుతుందో చెబుతాను. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ల నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే స్టోరేజ్ పద్ధతి ఆన్‌లో ఉంటుంది. వాటిలో సాధారణ ఇన్‌స్టాలేషన్ పెన్ డ్రైవ్ పెట్టి సెటప్ మొదలుపెడితే, డిస్క్ ఎంచుకోమనే చోట లిస్ట్ ఖాళీగా కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే ఎస్ఎస్‌డీ పోయిందని భయపడి కొత్తది కొనేస్తున్నారు. ఎస్ఎస్‌డీకి ఏమీ కాలేదు. ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ను ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి దించుకుని, విప్పి, అదే పెన్ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టి, ఆ స్క్రీన్‌లో "లోడ్ డ్రైవర్" నొక్కి చూపిస్తే డిస్క్ కనిపిస్తుంది. కొత్త ఎస్ఎస్‌డీకి డబ్బు పెట్టే ముందు ఈ ఒక్క పని చేసి చూడండి. మీ మెషీన్‌లోనే చేసుకున్న రికవరీ డ్రైవ్‌తో ఈ ఇబ్బంది సాధారణంగా రాదు, ఎందుకంటే ఆ మెషీన్‌లో ఉన్న రికవరీ సామగ్రే అందులోకి వస్తుంది.

ఇక ఏది చేసుకోవాలి? వీలైతే రెండూ. ఒక్కటే చేయగలిగితే మాత్రం, ఈరోజే రికవరీ డ్రైవ్ చేసుకోండి. కారణం ఏమిటంటే, ఇన్‌స్టాలేషన్ పెన్ డ్రైవ్‌ను మీ మెషీన్ ఆగిపోయాక కూడా పక్కింటివాళ్ల కంప్యూటర్‌లో చేసుకోవచ్చు. మీ సిస్టమ్ ఫైళ్లతో ఉండే రికవరీ డ్రైవ్ మాత్రం మీ మెషీన్ బతికి ఉన్నప్పుడే కుదురుతుంది.

అపోహ: "రికవరీ డ్రైవ్ చేశాను కాబట్టి నా ఫైళ్లన్నీ అందులో ఉన్నాయి"

లేవు. ఒక్క ఫొటో కూడా ఉండదు. మీరు తర్వాత వేసుకున్న సాఫ్ట్‌వేర్లు కూడా ఉండవు. పైగా "రికవర్ ఫ్రమ్ ఎ డ్రైవ్" అనే ఆప్షన్ నొక్కితే అది మీ ఫైళ్లను తుడిచేసి విండోస్ వేస్తుంది. ఆ సంగతి స్క్రీన్ మీద రాసే ఉంటుంది, కానీ టెన్షన్‌లో ఎవరూ చదవరు. పిల్లల ఫొటోలు, పొలం కాగితాల స్కాన్లు, కొట్టు ట్యాలీ డేటా, వీటన్నిటికీ వేరే హార్డ్ డిస్క్‌లోనో క్లౌడ్‌లోనో కాపీ ఉండాల్సిందే.

"నేను అన్నీ డీ డ్రైవ్‌లో పెడతాను, సీ పోయినా పర్లేదు" అనే నమ్మకం మన దగ్గర ఎక్కువ. విండోస్ ఒక్కటే పాడైతే, ఫార్మాట్ చేసేవాళ్లు జాగ్రత్తగా ఉంటే, డీ మిగలొచ్చు. అయితే ఎక్కువ ల్యాప్‌టాప్‌లలో సీ, డీ రెండూ ఒకే ఎస్ఎస్‌డీలో గీసిన గీతలు మాత్రమే. డిస్క్ పోయిన రోజు డీ కూడా పోతుంది. రీసెట్ చేసేటప్పుడు "ఆల్ డ్రైవ్స్" అనేది పొరపాటున ఎంచుకున్నా పోతుంది.

కాపీ తీసుకోకుండానే విండోస్ ఆగిపోయిందా? ఏదీ రీసెట్ చేయకముందు ఒక ప్రయత్నం ఉంది. పై రెండు పెన్ డ్రైవ్‌లలో దేనితో బూట్ చేసినా, రిపేర్ టూల్స్‌లో కమాండ్ ప్రాంప్ట్ దొరుకుతుంది. అందులో నోట్‌ప్యాడ్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఎంటర్ నొక్కితే నోట్‌ప్యాడ్ తెరుచుకుంటుంది. దాని ఫైల్ మెనూలో ఓపెన్‌కు వెళ్లి, ఫైల్ రకం "ఆల్ ఫైల్స్" చేస్తే, ఆ చిన్న కిటికీలోంచే ఫోల్డర్లు చూసి, రైట్ క్లిక్‌తో కాపీ చేసి, ఇంకో యూఎస్‌బీ డిస్క్‌లో పేస్ట్ చేసుకోవచ్చు. మీ సీ డ్రైవ్ అక్కడ డీ అనో ఈ అనో కనిపించవచ్చు, కంగారు పడొద్దు. ఫైళ్లు ఎక్కువైతే కాపీ ఎంతవరకు వచ్చిందో చూపించదు, అందుకే ఒక్కో ఫోల్డర్ చొప్పున తీసుకోండి. డిస్క్ నుంచి వింత శబ్దాలు వస్తుంటే మాత్రం ఈ ప్రయత్నాలేవీ వద్దు. ఆపేసి డేటా రికవరీ తెలిసినవాళ్లకు ఇవ్వండి.

అపోహ: "లాగిన్ పాస్‌వర్డ్ గుర్తుంది, చాలు"

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే అపోహ ఇది. ఎందుకంటే దీని తర్వాత చేయగలిగింది ఏమీ ఉండదు.

ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. విండోస్ 11లో 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి, కొత్తగా విండోస్ వేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే హోమ్ ఎడిషన్‌లో కూడా చాలా మెషీన్లలో ఇది తనంతట తానే ఆన్ అవుతుంది. రోజూ వాడేటప్పుడు మీకు తెలియదు. పెన్ డ్రైవ్‌తో బూట్ చేసి డిస్క్ తెరవబోతేనో, మదర్‌బోర్డ్ మార్చితేనో, ఒక్కోసారి బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే, మదర్‌బోర్డ్‌లోని ప్రోగ్రామ్) సెట్టింగ్ మార్చితేనో 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అక్కడ మీ పాస్‌వర్డ్, పిన్ ఏదీ పనిచేయదు.

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థ పంపిన ఒక తప్పు అప్‌డేట్ వల్ల ప్రపంచమంతా నీలి స్క్రీన్లు వచ్చాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసిచ్చారు. దెబ్బతిన్నవి సుమారు 85 లక్షల విండోస్ మెషీన్లని మైక్రోసాఫ్ట్ చెప్పింది. అవి ఎక్కువగా ఆఫీసులవే, ఇళ్లవి కావు. పరిష్కారం చిన్నదే: సేఫ్ మోడ్‌లోకో రికవరీలోకో వెళ్లి ఒక ఫైల్ తీసేయాలి. కానీ బూట్ కాని మెషీన్‌కు ఇంటర్నెట్ ద్వారా సాయం అందదు, చాలాచోట్ల మనిషి ఒక్కో మెషీన్ దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నచోట ఆ ఒక్క ఫైల్ తీయడానికి కూడా 48 అంకెలు కావలసి వచ్చాయి.

ఇంట్లో ఈ కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయి ఉంటుంది. అకౌంట్ పేజీలో డివైసెస్ కింద మీ ల్యాప్‌టాప్‌ను చూస్తే దొరుకుతుంది. అయితే ఎవరి అకౌంట్‌లో? అమ్మానాన్నల ల్యాప్‌టాప్‌ను చాలా ఇళ్లలో అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్న కొడుకో కూతురో తమ అకౌంట్‌తో సెట్ చేసి వెళ్తారు. కీ వాళ్ల దగ్గర ఉంటుంది, ఆ సంగతి వాళ్లకే గుర్తుండదు. కొన్నిసార్లు మొదట సెట్ చేసిన షాపు కుర్రాడి అకౌంట్‌లో ఉంటుంది. దయచేసి ఈరోజే వెతికి, కాగితం మీద రాసి, ఆధార్, పాస్‌బుక్‌లు దాచే చోట పెట్టండి. ల్యాప్‌టాప్ బ్యాగ్‌లో వద్దు. కీ ఎక్కడా లేకపోతే ఆ డేటా తిరిగి రాదు. డబ్బిస్తే తెరిచిస్తామనేవాళ్లను నమ్మకండి.

అపోహ: "ఐఎస్ఓ ఫైల్‌ను పెన్ డ్రైవ్‌లో కాపీ చేస్తే సరిపోతుంది"

ఐఎస్ఓ అంటే విండోస్ ఇన్‌స్టాలేషన్ మొత్తం ఒకే ఫైల్‌గా ఉండేది. దాన్ని కాపీ చేస్తే సరిపోదు, బూట్ కాదు. మీడియా క్రియేషన్ టూల్ కానీ రూఫస్ అనే ఉచిత టూల్ కానీ వాడి రాయాలి. ఏ పద్ధతిలో అయినా పెన్ డ్రైవ్‌లో అంతకు ముందున్నవన్నీ చెరిగిపోతాయి, ముందే తీసిపెట్టుకోండి. 64 జీబీ పెన్ డ్రైవ్ తర్వాత 32 జీబీగా కనిపిస్తే పాడైనట్టు కాదు. ఈ డ్రైవ్‌లకు వాడే ఫ్యాట్32 పద్ధతిలో విండోస్ మామూలుగా 32 జీబీ వరకే ఫార్మాట్ చేస్తుంది.

అపోహ: "ప్రొడక్ట్ కీ లేదు, కాబట్టి యాక్టివేటెడ్ విండోస్ పెన్ డ్రైవ్ తెచ్చుకోవాలి"

విండోస్ 8 నుంచి, అంటే 2012 తర్వాత, విండోస్‌తో అమ్మిన ల్యాప్‌టాప్‌లలో కీ మదర్‌బోర్డ్‌లోనే ఉంటుంది. విండోస్ 10 నుంచి డిజిటల్ లైసెన్స్ కూడా ఉంది. అదే ఎడిషన్, హోమ్ ఉంటే హోమ్, ప్రో ఉంటే ప్రో, మళ్లీ వేస్తే ఇంటర్నెట్ తగిలాక తనే యాక్టివేట్ అవుతుంది. కీ అడిగితే "నా దగ్గర లేదు" అన్న ఆప్షన్ నొక్కి ముందుకు వెళ్లండి.

విండోస్‌ను మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి దించుకోవడానికి రూపాయి కూడా అక్కర్లేదు. అలాంటప్పుడు ఎవరో మార్చిన విండోస్‌ను, అందులో ఏం కలిపారో తెలియకుండా, మీ బ్యాంక్ లాగిన్లు ఉండే మెషీన్‌లో వేయడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. అలాంటి విండోస్‌లో మొదటి రోజు నుంచే యాంటీవైరస్ ఆపేసి ఉండటం మామూలే. రిపేర్‌కు ఇస్తున్నప్పుడు "ఒరిజినల్ మీడియాతోనే వేయండి" అని అడగండి. అది మీ హక్కు.

అపోహ: "ఒకసారి చేస్తే ఎప్పటికీ పనికొస్తుంది"

విండోస్ మారుతూ ఉంటుంది కాబట్టి రికవరీ డ్రైవ్‌ను ఏడాదికోసారి మళ్లీ చేసుకోమని మైక్రోసాఫ్టే చెబుతోంది. ఇప్పుడు ఇంకో కారణం కూడా ఉంది. సెక్యూర్ బూట్‌కు (నమ్మదగిన సంతకం ఉన్నవాటితోనే కంప్యూటర్‌ను బూట్ కానిచ్చే రక్షణకు) ఆధారమైన 2011 నాటి సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి ముగుస్తుంది, వాటి స్థానంలో 2023 నాటివి వస్తున్నాయి. గడువు దాటగానే కంప్యూటర్లు ఆగిపోవు. కానీ పాత సంతకాలను మెషీన్ పూర్తిగా తిరస్కరించే స్థితికి వచ్చాక, పాత పెన్ డ్రైవ్ బూట్ కాకపోవచ్చు. అందుకని 2022లోనో 2023లోనో చేసి బీరువాలో పెట్టినదాన్ని నమ్ముకోకుండా కొత్తగా చేసుకోండి. మామూలు ధరలో పదో వంతుకే 1 టీబీ అని అమ్మే పెన్ డ్రైవ్‌లు మాత్రం వద్దు. వాటిలో చూపించేంత జాగా నిజంగా ఉండదు. రాసినట్టే కనిపించి, తర్వాత ఫైళ్లు చెడిపోయి ఉంటాయి.

తయారయ్యాక ఒకసారి బూట్ చేసి చూడండి. పెన్ డ్రైవ్ పెట్టి, ఆన్ చేస్తూనే బూట్ మెనూ కీ నొక్కాలి: సాధారణంగా హెచ్‌పీలో ఎఫ్9, డెల్, లెనోవోలలో ఎఫ్12, ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్కేప్. ఏసర్‌లో కూడా ఎఫ్12నే, కానీ ముందు బయోస్‌లో దాన్ని ఆన్ చేయాల్సి రావచ్చు. సెక్యూర్ బూట్ ఆపనవసరం లేదు. కీబోర్డ్ భాష అడిగే స్క్రీన్ వచ్చిందంటే బూట్ అయినట్టే. అక్కడితో పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయండి, డిస్క్‌లో ఏదీ మారదు. తర్వాత పెన్ డ్రైవ్‌కు ఒక స్టిక్కర్ అంటించి, ఏ ల్యాప్‌టాప్‌ది, ఏ నెలలో చేసింది, బూట్ మెనూ కీ ఏది అన్న మూడూ రాయండి.