నిక్సన్ చైనా ప్రయాణం: మనవలకు ఒక ఉత్తరం

చిరంజీవులు అనన్యకు, కార్తీక్‌కు తాతయ్య ఆశీస్సులు.

పగ ఉన్న దేశంతో అమెరికా ప్రెసిడెంట్ కూర్చుని మాట్లాడితే అది తెలివని అనన్య, పిరికితనమని కార్తీక్ మొన్న ఫోన్‌లో వాదించుకున్నారు. అది ఫోన్‌లో తేలే సంగతి కాదు. నిక్సన్, చైనా కథ చెబుతాను, చదవండి.

1949లో చైనాలో కమ్యూనిస్టు నాయకుడు మావో గెలిచాక అమెరికా ఆ ప్రభుత్వాన్ని గుర్తించనే లేదు. చైనా అంటే తైవాన్‌లో ఉన్న ప్రభుత్వమే అంది. కొరియా యుద్ధంలో ఇరుదేశాల సైనికులూ ఒకరినొకరు చంపుకున్నారు. ఇరవై ఏళ్ల పాటు ఎంబసీ లేదు, రాకపోకలు లేవు.

నిక్సన్ రాజకీయాల్లో పైకొచ్చిందే కమ్యూనిస్టులను తిట్టి. అయినా చైనాను ఎల్లకాలం వెలివేసి ఉంచలేమని 1967లోనే ఒక పత్రికలో రాశాడు. 1969లో ప్రెసిడెంట్ అయ్యాడు. ఆ మార్చిలోనే సరిహద్దులోని ఉసూరి నది దగ్గర రష్యా, చైనా సైనికులు కాల్చుకున్నారు. కమ్యూనిస్టులంతా ఒకటే అనుకునేవాళ్లకు అది షాక్. నిక్సన్‌కు మాత్రం సందు దొరికింది. చైనాతో మాట కలిపితే రష్యా కాస్త దిగొస్తుంది, వియత్నాం నుంచి బయటపడే దారి కూడా దొరకవచ్చు. అంతేగానీ మావో మీద ప్రేమ పుట్టి కాదు. ఇదే పని అవతలి పార్టీవాడు చేసుంటే కమ్యూనిస్టులకు అమ్ముడుపోయాడని అందరికంటే ముందు అరిచేది నిక్సనే!

1971 జులైలో ఆయన సలహాదారు కిసింజర్ పాకిస్తాన్ వెళ్లి, కడుపునొప్పి అని పుకారు పుట్టించి, గుట్టుగా బీజింగ్ విమానం ఎక్కాడు. 15వ తేదీన నిక్సన్ టీవీలో సంగతి బయటపెట్టాడు. 1972 ఫిబ్రవరిలో తనే వెళ్లి చైనా ప్రధాని చౌ ఎన్‌లైతో చేయి కలిపాడు. తైవాన్ తగువు తేలలేదు. ఎవరి మాట వాళ్లు ఒకే కాగితం మీద రాసుకుని ప్రకటించారు. తేలనిదాన్ని పక్కనపెట్టి మిగతా పని కానిచ్చారన్నమాట. మే నెలకల్లా మాస్కోలో రష్యాతో అణ్వాయుధాలకు హద్దు పెట్టే ఒప్పందం కుదిరింది. ఇంతవరకూ అనన్య మాటే నెగ్గింది.

కానీ కిసింజర్‌కు బీజింగ్ దారి చూపింది ఎవరు? పాకిస్తాన్ నియంత యాహ్యా ఖాన్. అదే ఏడాది మార్చి నుంచి ఆయన సైన్యం తూర్పు బెంగాల్‌లో (ఇప్పటి బంగ్లాదేశ్) జనాన్ని ఊచకోత కోస్తోంది. కోటిమంది దాకా మన దేశానికి పారిపోయి వచ్చారు. ఢాకాలోని అమెరికా కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్, తమ ప్రభుత్వం నోరు మెదపకపోవడం తప్పని ఏప్రిల్ 6న వాషింగ్టన్‌కు టెలిగ్రామ్ పంపాడు. ఇరవైమంది సహోద్యోగులు అందులో సంతకం చేశారు. ఆయన్ను అక్కడినుంచి తప్పించారు. యాహ్యాను ఇప్పుడు ఒత్తిడి చేయొద్దని నిక్సన్ స్వదస్తూరితో రాసిన కాగితం ఇప్పటికీ ఉంది.

డిసెంబరులో మనకూ పాకిస్తాన్‌కూ యుద్ధం మొదలై, మన విశాఖ గుమ్మం దాకా వచ్చింది. రేవు బయట మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అమెరికాలో తయారైందే. మేమే ముంచామని మన నేవీ, ప్రమాదమని పాకిస్తాన్ వాళ్లు, ఇప్పటికీ ఎవరి మాట వారిదే. ఆ నెలలోనే ఎంటర్‌ప్రైజ్ అనే పెద్ద యుద్ధనౌకను నిక్సన్ బంగాళాఖాతానికి పంపాడు.

జులై దాకా రహస్యం కోసం యాహ్యా అవసరమయ్యాడు, సరే. ఆ లెక్క నాకు నచ్చకపోయినా అర్థమవుతుంది. టీవీలో చెప్పేశాక ఇంకేం రహస్యం? నమ్ముకున్నవాణ్ని అమెరికా వదలదని చైనాకు చూపించాలని నిక్సన్ అన్నాడు. అంటే బెంగాలీల ప్రాణాలు చైనా ముందు పరువు కోసం ఖర్చయ్యాయి. ఇది అవసరం కాదు, మొండితనం అంటాను నేను. ఇందిరాగాంధీ అంటే ఆయనకున్న చిరాకు కూడా అందులో కలిసింది.

దీనికీ అనన్య దగ్గర ఏదో జవాబు ఉంటుందని తెలుసు. ఫోన్‌లో వద్దు, తిరుగుటపాలో రాసి పంపు. కార్తీక్, నువ్వూ రాయి, అక్క రాసింది చూడకుండా.

మీ తాతయ్య