గుడికీ మసీదుకూ నడుమ తమిళం

సింగపూరులో సౌత్ బ్రిడ్జ్ రోడ్డు మీద లేతాకుపచ్చ రంగు వేసిన మసీదు ఉంది. దాన్ని దాటి కొన్ని అడుగులు వేస్తే మారియమ్మన్ గుడి గోపురం. పక్క వీధుల పేర్లు మాస్క్ (మసీదు) స్ట్రీట్, టెంపుల్ స్ట్రీట్. నడుమ ఉన్న పగోడా స్ట్రీట్‌కు ఆ గోపురం వల్లనే పేరొచ్చింది. కోరమాండల్ తీరం నుంచి వెళ్లిన చూలియాలనే తమిళ ముస్లింలు 1826లో ఈ జామే మసీదుకు నాంది పలికారు. మరుసటి ఏడాదే నారాయణ పిళ్లై గుడి కట్టించారు. ఆ మసీదులో శుక్రవారం ప్రసంగం నేటికీ తమిళంలో వినిపిస్తుంది.

సింగపూరులో 1887లో వెలువడిన తమిళ వారపత్రిక ‘సింగై నేశన్’కు సంపాదకుడు మఖ్దూమ్ సాయిబు అనే ముస్లిం. ఆ మరుసటి ఏడాది తమిళ కాథలిక్కులకు ఓఫిర్ రోడ్డులో లూర్దు మాత చర్చి వెలిసింది.

భాష ఒకటైతే మనసులూ కలుస్తాయన్న భరోసా లేదు. 1990 అక్టోబరులో శ్రీలంక ఉత్తర ప్రాంతం నుంచి ముస్లింలను తమిళ సాయుధ సంస్థ ఎల్టీటీఈ వెళ్లగొట్టింది. వాళ్ల ఇంటి భాషా తమిళమే. ఆ సంగతి తలచుకుంటే, సింగపూరులో గో. సారంగపాణి చేసిన పని విలువ తెలుస్తుంది. పెరియార్ ఆత్మగౌరవ ఉద్యమం ఆయనను మలిచింది. 1935లో ‘తమిళ్ మురసు’ పత్రిక ప్రారంభించారు. 1952లో తమిళులందరికీ కలిపి ‘తమిళర్ తిరునాళ్’ అనే ఉత్సవం మొదలుపెట్టి, దానికి పొంగల్ రోజులను ఎంచుకున్నారు. దీపావళిని పట్టుకుని ఉంటే ముస్లింలూ క్రైస్తవులూ అతిథులుగానే మిగిలిపోయేవారు. పంట పండుగలో ఎవరైనా ఇంటివారే. ఆ ఎంపికలోని దూరదృష్టికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

స్వతంత్ర సింగపూరులో తమిళం నాలుగు అధికార భాషల్లో ఒకటి. ఆ దేశపు బడుల్లో రెండో భాషగా తెలుగు లేదు కనుక, అక్కడి మన పిల్లల్లోనూ కొందరు తమిళమే చదువుకుంటున్నారు. అయినా ఇళ్లలో ఇంగ్లిషుదే పైచేయి అవుతోంది. 2020 జనాభా లెక్కల్లో తమిళం ప్రధానంగా మాట్లాడే ఇంటివారు 2.5 శాతమే.

తమిళనాడులోని కడయనల్లూరు నుంచి వెళ్లిన ముస్లింలు సింగపూరులో 1946లో పెట్టిన ఉమరుప్పులవర్ తమిళ బడి 1982లో మూతపడింది. ఉమరుప్పులవర్ ప్రవక్త జీవితాన్ని తమిళ పద్యాల్లో చెప్పిన కవి. విద్యాశాఖ నడిపే తమిళ భాషా కేంద్రానికి ఇప్పుడు ఆయన పేరే ఉంది. వేర్వేరు బడుల నుంచి హిందూ, ముస్లిం, క్రైస్తవ పిల్లలు తమిళ పాఠాలకు అక్కడికే వస్తారు.