మందు దొరికింది సరే, కణితి దాకా చేరేదెలా?

1912 అక్టోబర్‌లో ఫ్రీడ్రిష్ మేయర్-బెట్జ్ అనే జర్మన్ డాక్టర్ హెమటోపార్ఫిరిన్ అనే పదార్థాన్ని 200 మిల్లీగ్రాములు తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు. రక్తంలోని ఎర్ర రంగు నుంచి తయారయ్యే పదార్థం అది. తర్వాత ఎండలోకి వచ్చేసరికి ముఖం, చేతులు గుర్తుపట్టలేనంతగా వాచిపోయాయి, బట్టల కింద దాగిన చర్మం మాత్రం బాగానే ఉంది. ఆ బాధ ఒక రోజుతోనో రెండు రోజులతోనో పోలేదు, నెలలు పట్టింది. ఇప్పుడైతే ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు గానీ, కాంతితో పనిచేసే క్యాన్సర్ మందుల కథలో అసలు చిక్కు ఏమిటో ఆయన వాచిన ముఖమే చూపించింది. కాంతి పడితే మందు పనిచేస్తుంది, అందులో సందేహం లేదు. కాకపోతే అది ఒళ్లంతా పాకుతుంది.

ఈ వైద్యాన్ని ఫోటోడైనమిక్ థెరపీ అంటారు. దీనికి మూడు కావాలి: కాంతిని పీల్చుకునే ఒక రసాయనం, దానికి సరిపడే రంగు కాంతి, కణాల్లో ఉండే ఆక్సిజన్. రసాయనం కాంతిని పీల్చుకుని ఆ శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కు అందిస్తుంది, దాంతో అది సింగ్లెట్ ఆక్సిజన్ అనే కోపిష్టి రూపంలోకి మారి దగ్గర్లో ఏది ఉంటే దాన్ని కాల్చేస్తుంది. ఆ రూపం బతికేది సెకనులో లక్షల వంతు కూడా ఉండదు, ఆలోపు అది పోగలిగే దూరం నానోమీటర్లలోనే, అంటే ఒక కణంలో ఈ మూల నుంచి ఆ మూలకు కూడా వెళ్లలేదు. కాబట్టి మందు ఎక్కడ కూర్చుందో దెబ్బ అక్కడే. ఇదే రసాయనాల్లో చాలావాటికి ఇంకో గుణం కూడా ఉంది, నీలి కాంతి వేస్తే ఎర్రగా మెరుస్తాయి. అంటే కణితి ఎక్కడుందో చూపించేదీ అదే, చంపేదీ అదే, చేరాల్సిన చోటికి చేరితే.

ఈ సంగతి బయటపడింది క్యాన్సర్ మీద పరిశోధనలో కాదు. మ్యూనిక్‌లో హెర్మన్ ఫాన్ టప్పైనర్ దగ్గర చదువుకుంటున్న ఆస్కార్ రాబ్ అనే విద్యార్థి అక్రిడిన్ అనే రంగు పదార్థం పారమీషియం అనే సూక్ష్మజీవులను ఎంతసేపట్లో చంపుతుందో లెక్కపెడుతున్నాడు. లెక్క ఒక రోజు ఒకలా, ఇంకో రోజు ఇంకోలా వస్తోంది. తేడా మందులో లేదు, గదిలోకి వచ్చే వెలుతురులో ఉందని తేలింది. మబ్బు పట్టి ఉరుములు ఉరుముతున్న రోజున ప్రయోగం చేయడం వల్లే ఇది పట్టుబడిందని చెబుతారు. 1900లో ఇది అచ్చయింది. 1903లో టప్పైనర్, యెసియోనెక్ ఇద్దరూ ఇయోసిన్ అనే రంగు పూసి చర్మం మీది కణితులకు కాంతి పెట్టి చూశారు. దీనికి ఆక్సిజన్ కూడా కావాలని టప్పైనర్ బృందమే ఆ తర్వాత తేల్చింది. పూయడం వరకు బాగానే ఉంది. చర్మం మీద కాబట్టి చేర్చడం అనే సమస్యే లేదు. లోపలి కణితి సంగతేమిటి అంటే మాత్రం జవాబు లేదు.

1924లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో పోలికార్ అనే శాస్త్రవేత్త ఎలుకల కణితుల మీద అతినీలలోహిత కాంతి వేసి చూస్తే అవి తమంతట తామే ఎర్రగా మెరిశాయి, హెమటోపార్ఫిరిన్ జాతి పదార్థాలైన పార్ఫిరిన్లు అక్కడ పోగుపడుతున్నాయన్నమాట. ఆ తర్వాత హెమటోపార్ఫిరిన్‌ను ఎక్కించి అది కణితిలో చేరుతుందా అని చూశారు. చేరుతోంది, కానీ మోతాదు చాలా కావాల్సి వస్తోంది. 1950లలో శామ్యూల్ ష్వార్ట్జ్ ఒక తమాషా కనిపెట్టాడు: అందరూ వాడుతున్న హెమటోపార్ఫిరిన్ నిజానికి ఒక కలగూర మిశ్రమం, దాన్ని శుద్ధి చేస్తే కణితిలో సరిగ్గా చేరదు, కలిసి ఉన్న "మలినాలే" బాగా చేరుతున్నాయి! వాటినే ఎక్కువగా వచ్చేలా తయారుచేసిన రూపాన్ని 1960 ప్రాంతంలో అమెరికాలోని మేయో క్లినిక్‌లో రిచర్డ్ లిప్సన్ కణితులను గుర్తించడానికి వాడాడు. అంటే ఈ మందు ముందు టార్చిలైటుగా పనికొచ్చింది, చికిత్స తర్వాత వచ్చింది.

ఆ చికిత్సను నిలబెట్టింది అమెరికాలోని బఫలో నగరంలో రోజ్‌వెల్ పార్క్ అనే క్యాన్సర్ సంస్థలో పనిచేసిన థామస్ డోహర్టీ. 1975లో ఎలుకల్లో కణితులను ఎర్ర కాంతితో నయం చేశాడు, 1978లో 25 మంది రోగుల్లో 113 కణితుల మీద ప్రయత్నిస్తే 111 పూర్తిగానో కొంతవరకో తగ్గాయి. ఎర్ర కాంతే ఎందుకంటే, ఒంట్లోకి కాస్త లోతుగా దిగేది అదే, అదీ మహా అయితే సెంటీమీటరు. అందుకే ఊపిరితిత్తులకైనా, అన్నవాహికకైనా సన్నటి ఫైబర్ గొట్టంలోంచి లేజర్ కాంతిని కణితి దగ్గరకే తీసుకెళ్తారు. ఆ హెమటోపార్ఫిరిన్ మందే ఫోటోఫ్రిన్ పేరుతో 1993లో కెనడాలో మూత్రాశయ క్యాన్సర్‌కు, 1995లో అమెరికాలో అన్నవాహిక క్యాన్సర్‌కు అనుమతి పొందింది. ఇంజెక్షన్ ఇచ్చాక 40 నుంచి 50 గంటలు ఆగి లేజర్ పెడతారు. ఎందుకు ఆగడం? మామూలు కణాలు మందును వదిలించుకోవాలి, కణితి మాత్రం పట్టుకుని ఉండాలి. ఆ తేడా మీదే మొత్తం వ్యవహారం నడుస్తుంది. చర్మం మాత్రం అంత త్వరగా వదలదు, రోగి కనీసం 30 రోజులు ఎండ తగలకుండా ఉండాలి. మేయర్-బెట్జ్ ఎండలో పడ్డ పాట్లకు ఎనభై ఏళ్ల తర్వాత కూడా, అదే సమస్య!

నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చిన మలుపు 1990లో వచ్చింది. కెనడాలో కెన్నెడీ, పాటియర్ అనే శాస్త్రవేత్తల ఆలోచన ఏమిటంటే, మందును కణితి దాకా మోయడం ఎందుకు, దాని చేతే తయారు చేయిస్తే పోలా? మన కణాల్లో దాదాపు అన్నీ, రక్తానికి ఎర్ర రంగునిచ్చే హీమ్‌ను తయారు చేసుకునే దారిలో ప్రోటోపార్ఫిరిన్ అనే మెరిసే పదార్థం వస్తుంది, చివర్లో దానికి ఇనుము తగిలిస్తే హీమ్ అవుతుంది. అమైనోలెవులినిక్ ఆసిడ్ అనే చిన్న ముడిసరుకును బయట నుంచి ఇస్తే కణాలు ఎడాపెడా ప్రోటోపార్ఫిరిన్ చేసేస్తాయి, చాలా రకాల కణితుల్లో ఆ ఇనుము తగిలించే పని మందకొడిగా సాగుతుంది కాబట్టి సరుకు అక్కడే పేరుకుపోతుంది. చర్మం మీద క్రీము లాగా పూస్తారు, మెదడు కణితులకైతే తాగిస్తారు. ఒకటి రెండు రోజుల్లో ఒంట్లోంచి పోతుంది కూడా.

మెదడు కణితుల్లో దీని ఉపయోగం చూస్తే ముచ్చటేస్తుంది. గ్లయోమా అనే మెదడు కణితి అంచు ఎక్కడ ఆగిందో, మామూలు మెదడు ఎక్కడ మొదలైందో కంటికి ఆనదు. ఆపరేషన్‌కు మూడు గంటల ముందు ఈ ద్రావణం తాగించి, మైక్రోస్కోపులో నీలి కాంతి వేస్తే కణితి గులాబీ రంగులో వెలుగుతుంది. జర్మనీలో వాల్టర్ స్టుమర్ నడిపిన ట్రయల్ 2006లో అచ్చయింది, మామూలు కాంతిలో ఆపరేషన్ చేస్తే 36 శాతం మందిలోనే స్కానులో కనిపించే కణితి మొత్తం తీయగలిగారు, మెరిసేలా చేస్తే 65 శాతం మందిలో. 2007లో యూరప్ అనుమతించింది. అమెరికాకు పదేళ్లు పట్టింది, 2017 దాకా.

ఇంకో పక్క మందును లైపోజోములనే సన్నటి కొవ్వు బుడగల్లో, నానో కణాల్లో (అతి సూక్ష్మమైన రేణువుల్లో) చుట్టి పంపే ప్రయత్నాలు జోరుగా సాగాయి. దీనికి పునాది 1986లో జపాన్‌లో మత్సుమురా, మయేదా చెప్పిన మాట: కణితి రక్తనాళాలు కారుతుంటాయి, కాబట్టి పెద్ద అణువులు అందులోకి జారి అక్కడే ఉండిపోతాయి. ఎలుకల్లో బాగానే ఉంది. మనుషుల్లో అంత నమ్మకంగా జరగదు, ఒక కణితికీ ఇంకో కణితికీ పోలిక ఉండదు. 2016లో టొరంటో పరిశోధకులు పదేళ్ల ప్రయోగాలను తిరగేస్తే, ఎక్కించిన నానో కణాల్లో కణితికి చేరేది మధ్యస్థంగా 0.7 శాతం అని తేలింది, అదీ జంతువుల్లో. మిగతాది చాలావరకు కాలేయం, ప్లీహం పాలు.

ఇప్పుడు చూపు యాంటీబాడీల మీదుంది. కణితి మీద ఎక్కువగా ఉండే ప్రోటీన్‌ను పట్టుకునే యాంటీబాడీకి రంగు మందు అతికించి పంపడం, కాంతి పెట్టడం. అమెరికాలోని జాతీయ క్యాన్సర్ సంస్థలో హిసతాకా కొబయాషి బృందం 2011లో దీన్ని ప్రకటించింది, 2020లో జపాన్ తల, మెడ క్యాన్సర్లకు అనుమతించింది. ఇందులో కూడా కాంతి మరుసటి రోజే, మందు చేరడానికి ఆ మాత్రం టైం కావాలి. గుర్తించే వైపు 2021లో అమెరికా అనుమతించిన పఫోలాసియనైన్ అనే మెరిసే మందు, ఫోలేట్ విటమిన్‌ను అందుకునే ప్రోటీన్‌ను (ఫోలేట్ గ్రాహకాన్ని) పట్టుకుని అండాశయ కణితులను మెరిపిస్తుంది. చిక్కేమిటంటే ఫోలేట్ గ్రాహకం మూత్రపిండాల్లోనూ దండిగా ఉంటుంది, అక్కడా మెరుస్తుంది.