ముప్పై ఒక్క బండల లెక్క

బర్కత్‌పురాలోని మా పాత ఇంటి వసారాలో షాబాద్ బండలు పరిచి ఉంటాయి. కిందటి వేసవి సెలవుల్లో, తొమ్మిదో తరగతి చదివే మా అక్క కూతురు చేత వాటి మీద సుద్దముక్కతో గళ్ళు గీయించాను. అడ్డం ఎనిమిది, నిలువు ఎనిమిది. ఒక మూల స్తంభం ఉందనుకో, దానికి ఎదురు మూల నీళ్ళు పోయే తూము ఉందనుకో, ఆ రెండు గళ్ళూ కొట్టేయి అన్నాను. మిగిలిన నేలంతా రెండేసి గళ్ళు కప్పే బండలతో నిండాలి. బండను పగలగొట్టకూడదు, ఒకదాని మీద ఒకటి ఎక్కించకూడదు. కుదురుతుందా?

"అరవై నాలుగులో రెండు పోతే అరవై రెండు. ముప్పై ఒక్క బండలు. సరిపోతాయి మామయ్యా," అంది అర నిమిషంలో.

"అయితే పరిచి చూపించు."

పాత క్యాలెండరు అట్టను ముక్కలుగా కత్తిరించి పరచడం మొదలుపెట్టింది. ఎలా పరిచినా చివరికి రెండు గళ్ళు మిగిలిపోయేవి, అవి పక్కపక్కన ఉండేవి కావు. నాలుగోసారికి కోపం వచ్చింది. ఆరోసారికి అనుమానం వచ్చింది. "అసలు కుదరదేమో?" అంది. లెక్క అక్కడ మొదలైందని నా ఉద్దేశం. అంతవరకు చేసింది భాగహారమే.

అప్పుడు నేనొక తప్పు చేశాను. "చదరంగం బల్లలాగా గడి విడిచి గడికి రంగు వేసి చూడు," అనేశాను. సుద్దతో రంగులు వేసిందో లేదో, ఆమెకు విషయం తెలిసిపోయింది. బండను ఎటు తిప్పి వేసినా అది ఒక నల్ల గడిని, ఒక తెల్ల గడిని కప్పుతుంది. ముప్పై ఒక్క బండలు పరచాలంటే నల్లవి 31, తెల్లవి 31 ఉండాలి. ఎదురెదురు మూలలు రెండూ ఒకే రంగువి కాబట్టి మిగిలినవి ఒక రంగువి 32, ఇంకో రంగువి 30. ఎంతటి మేస్త్రీ వచ్చినా ఆ నేల నిండదు. ఎన్ని రకాలుగా పరచవచ్చో లెక్కపెట్టే పని కూడా లేదు.

ఇందులో సిలబస్ ఏముంది? ముప్పై రెండు దాకా లెక్కపెట్టడం. కష్టమైన లెక్క అంటే పై తరగతి లెక్క అనే అభిప్రాయం మన నగరంలో బాగా పాతుకుపోయింది. ఏడో తరగతిలోనే ఇంటర్ పాఠాలు మొదలుపెట్టించి మురిసిపోయే ఇళ్ళు మా వీధిలోనే మూడున్నాయి. నాకు అది గొప్పగా అనిపించదు. సూత్రం తెలిశాక చేసేది అభ్యాసం. అవసరమైన గణితమంతా చేతిలోనే ఉండి, మొదటి అడుగు ఎటు వేయాలో తెలియనిది సమస్య.

తేడా గడియారంలో కూడా కనిపిస్తుంది. మన ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పరీక్షలో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, అందులో 80 గణితానివి. సగటున ప్రశ్నకు 67.5 సెకన్లు. అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్ కూడా బడి పిల్లల పరీక్షే. రెండు రోజులు, రోజుకు నాలుగున్నర గంటలు, మూడే ప్రశ్నలు. ప్రశ్నకు గంటన్నర, అంటే సరిగ్గా 80 రెట్లు. లక్షల మందిని వడపోయాల్సిన జల్లెడ ఇంకోలా ఉండలేదు, ఒప్పుకుంటాను. జల్లెడ పట్టడమే గణితమని పిల్లలు అనుకోవడమే బాధ.

ఆ ఒలింపియాడ్ 1959లో రుమేనియాలో ఏడు దేశాలతో మొదలైంది. మన దేశం 1989 నుంచి పాల్గొంటోంది, 1996లో ముంబయిలో ఆతిథ్యం కూడా ఇచ్చింది. ఇక్కడి పిల్లలు అర్హత పరీక్ష, ప్రాంతీయ, జాతీయ ఒలింపియాడ్లు దాటి, శిక్షణ శిబిరంలో నెగ్గితే ఆరుగురి జట్టులో చేరతారు.

1959 నాటి మొట్టమొదటి ప్రశ్న చూడండి. ఏదైనా ఒక సహజ సంఖ్య తీసుకుని 21తో హెచ్చించి 4 కలపండి, అది లవం. అదే సంఖ్యను 14తో హెచ్చించి 3 కలపండి, అది హారం. ఆ భిన్నంలో పైనా కిందా కొట్టివేతకు ఎప్పటికీ ఏమీ దొరకదని నిరూపించాలి. 1 తీసుకుంటే 25/17, 2 తీసుకుంటే 46/31, 10 తీసుకుంటే 214/143. నిజమేననిపిస్తుంది, కానీ కోటి దాకా సరిచూసినా అది నిరూపణ కాదు. తెలియని సంఖ్యను మాయం చేయడమే ఉపాయం. హారాన్ని మూడింతలు చేస్తే ఆ సంఖ్యకు 42 రెట్లు, పైన 9. లవాన్ని రెండింతలు చేస్తే 42 రెట్లు, పైన 8. తేడా 1. లవాన్నీ హారాన్నీ నిశ్శేషంగా భాగించే సంఖ్య ఏదైనా ఈ 1ని కూడా భాగించి తీరాలి. అలాంటిది 1 ఒక్కటే. పదో తరగతిలో నేర్పే యూక్లిడ్ గ.సా.భా. పద్ధతే ఇది, వేషం మార్చుకుని వచ్చింది.

1988లో ఆస్ట్రేలియాలో ఇచ్చిన ఆరో ప్రశ్న మాత్రం ఇలా లొంగదు. రెండు ధన పూర్ణసంఖ్యల వర్గాల మొత్తాన్ని, వాటి లబ్ధానికి ఒకటి కలిపిన సంఖ్యతో భాగించండి. చాలాసార్లు శేషం మిగులుతుంది. మిగలనప్పుడల్లా భాగఫలం వర్గసంఖ్యే అవుతుందని నిరూపించాలి. 2, 8 తీసుకుంటే 68ని 17తో భాగించాలి: 4. 8, 30 తీసుకుంటే 964ని 241తో: మళ్ళీ 4. 30, 112 తీసుకున్నా 4. ఇప్పుడు ఈ సంఖ్యలను మెట్లుగా పేర్చి పైనుంచి దిగండి: 112, 30, 8, 2. భాగఫలం 4 కాబట్టి నాలుగు ముప్పైల్లోంచి 112 తీస్తే 8. నాలుగు ఎనిమిదుల్లోంచి 30 తీస్తే 2. నాలుగు రెళ్ళలోంచి 8 తీస్తే సున్న. సున్న చేరిందా, గుట్టు బయటపడినట్టే. 2, 0 జతలో భాగఫలం రెండు వర్గాన్ని ఒకటితో భాగించినంత, అంటే 4. దిగేటప్పుడు భాగఫలం మారదు కాబట్టి పై మెట్ల మీద ఉన్నదీ అదే వర్గసంఖ్య. ఈ మెట్లు కట్టేది వర్గసమీకరణం: ఒక మూలం తెలిస్తే మూలాల మొత్తం నుంచి రెండోది వస్తుందన్న పదో తరగతి సంగతే. ప్రతి మెట్టూ కిందికే పోతుందని, సున్నను దాటి రుణ సంఖ్యల్లో పడదని చూపడంలో ఉంది అసలు శ్రమ.

ఆ ప్రశ్నకు పూర్తి మార్కులు వచ్చింది పదకొండు మందికే. వారిలో పదహారేళ్ళ వియత్నాం కుర్రవాడు న్గో బావ్ చౌ ఒకడు. 2010 ఆగస్టులో అంతర్జాతీయ గణితవేత్తల మహాసభ మొదటిసారి మన దేశంలో, మన హైదరాబాద్‌లోనే జరిగినప్పుడు, గణితంలో అత్యున్నత గౌరవాల్లో ఒకటైన ఫీల్డ్స్ పతకం అందుకున్న నలుగురిలో ఆయన ఉన్నాడు. అదే వేదిక మీద పతకం అందుకున్న ఇజ్రాయెల్ గణితవేత్త ఎలాన్ లిండెన్‌స్ట్రాస్ కూడా 1988 పోటీలో కూర్చున్నవాడే. అప్పుడు దక్కింది కాంస్యం. 2006లో ఫీల్డ్స్ పతకం పొందిన టెరెన్స్ టావోకు ఆ ఆరో ప్రశ్నలో వచ్చింది ఒక్క మార్కు. మార్కులు పోయాయని ఇంట్లో ముఖం మాడ్చుకునే తల్లిదండ్రులకు నేను తరచూ చెప్పే కబురు ఇది.

ఇక నా తప్పు సంగతి. రంగుల ఊహ తనకే తట్టి ఉంటే ఆ పిల్ల దాన్ని జన్మలో మరిచిపోయేది కాదు. ఆ సంతోషాన్ని అరగంట ఓపిక లేక నేను లాగేసుకున్నాను. తోచక కూర్చున్న పిల్లల పక్కన నోరు మూసుకుని కూర్చోవడం అన్నిటికన్నా కష్టమైన బోధన.

నెల తర్వాత ఫోను చేసింది. "ఒక నల్ల గడి, ఒక తెల్ల గడి తీసేస్తే? ఎక్కడివైనా సరే, ఎప్పుడూ కుదురుతుందా మామయ్యా?"

"నువ్వే చూడు," అని ఊరుకున్నాను. తొమ్మిది రోజులు ఊరుకున్నాను.

పదో రోజు ఒక ఫొటో పంపింది. కాగితం మీద 64 గళ్ళు, అన్నిటి గుండా ఒక్కొక్కసారి వెళ్ళి మొదటికి వచ్చే దారంలాంటి గీత. దారం వెంట నలుపు, తెలుపు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఒక నల్లది, ఒక తెల్లది తీసేస్తే దారం రెండు ముక్కలవుతుంది. ప్రతి ముక్కలోనూ గళ్ళు సరిసంఖ్యే. దారం వెంటే బండలు పరుచుకుంటూ పోతే సరి. అమెరికన్ గణితవేత్త ర్యాల్ఫ్ గోమరీ పేరు మీద ప్రసిద్ధమైన నిరూపణ ఇదేనని నేనింకా చెప్పలేదు. ఫొటో కింద ఒక అనుమానం రాసింది: దారం మీద పక్కపక్కన ఉన్న గళ్ళే తీసేస్తే రెండు ముక్కలు కావు కదా, అప్పుడెలా?

నేను జవాబు రాసేలోపే ఇంకో సందేశం వచ్చింది. "ఒక్క ముక్కే. అందులో 62. వదిలేయండి, అయిపోయింది."