టూంబ్‌స్టోన్‌లో తుపాకీ అప్పగించాల్సిందే: అమెరికా తుపాకీ గొడవ వెనుక కథ

1881 అక్టోబరు 26. అరిజోనాలో టూంబ్‌స్టోన్ అనే వెండి గనుల ఊరు. బయటినుంచి వచ్చినవాళ్లు తమ తుపాకుల్ని గుర్రపుశాలలోనో హోటల్లోనో అప్పగించాకే వీధుల్లో తిరగాలని ఆ ఊరి చట్టం. కొందరు కౌబాయ్‌లు అప్పగించకుండా తిరుగుతున్నారని తెలిసి ఊరి పోలీసు అధికారి (మార్షల్) వర్జిల్ ఎర్ప్ తన ఇద్దరు తమ్ముళ్లనీ, డాక్ హాలిడే అనే మిత్రుణ్నీ వెంటబెట్టుకుని వెళ్లాడు. పాత కక్షలు ఎలాగూ ఉన్నాయి. అర నిమిషం కాల్పుల్లో ముగ్గురు పోయారు. కౌబాయ్ సినిమాలకు ముడిసరుకైన 'ఓకే కొరాల్' కాల్పులు ఇవే. తుపాకీ నియంత్రణ చట్టాన్ని అమలుచేయబోతే జరిగిన గొడవ ఇదని ఆ సినిమాలు గట్టిగా చెప్పవు. కాన్సాస్‌లోని డాడ్జ్ సిటీలోనూ తుపాకీ పట్టుకు తిరగడం నిషేధమని నడివీధిలో బోర్డు ఉండేది.

అమెరికాలో తుపాకీ ఎంత పాతదో, దానిమీద ఆంక్ష కూడా ఇంచుమించు అంత పాతదే. ఈ రెండూ బద్ధశత్రువులన్న భావన గట్టిపడింది మాత్రం గత యాభై ఏళ్లలోనే.

గొడవంతా 1791లో ఆమోదం పొందిన రెండో రాజ్యాంగ సవరణ చుట్టూ. ఇంగ్లిషులో మొత్తం 27 మాటలు. 'స్వేచ్ఛగల రాజ్యపు భద్రతకు క్రమశిక్షణ గల మిలీషియా (పౌరసేన) అవసరం కాబట్టి, ఆయుధాలు ఉంచుకోవడానికీ ధరించడానికీ ప్రజలకున్న హక్కుకు భంగం కలిగించరాదు' అని దాని సారాంశం. ఇక్కడ 'కాబట్టి' నేను పెట్టింది. అది లేకుండా తెలుగులో వాక్యం నడవదు. పెట్టామా, సగం ఒక పక్షాన చేరినట్టే! ఈ హక్కు మిలీషియా కోసమేనా, లేక మిలీషియా ఒక ముందుమాట మాత్రమేనా అన్నదే రెండువందల ఏళ్లుగా తేలని తకరారు.

రాసినవాళ్ల భయం వేరు. 1775 ఏప్రిల్‌లో బ్రిటిష్ సైన్యం కాంకర్డ్‌లోని ఆయుధ నిల్వల్ని పట్టుకోడానికి బయల్దేరినప్పుడే స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది. జీతాల సైన్యం చేతికి అధికారం వస్తే ఏమవుతుందో వాళ్లు చూశారు. అందుకే పౌరసేన మీద నమ్మకం పెట్టుకున్నారు. 1792 మిలీషియా చట్టం ప్రకారం 18 నుంచి 45 ఏళ్ల ఆరోగ్యవంతుడైన ప్రతి తెల్లజాతి పురుషుడూ ఆరునెలల్లోగా సొంత మస్కెట్, బయోనెట్, రెండు అదనపు చెకుముకి రాళ్లు, కనీసం 24 తూటాలు పట్టే సంచీ సమకూర్చుకోవాలి. ప్రభుత్వం కొనిపెట్టదు, ఎవరి ఖర్చు వారిదే.

'తెల్లజాతి' అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. నల్లజాతివారిని పౌరులుగా ఒప్పుకుంటే ఎక్కడికైనా ఆయుధాలు పట్టుకెళ్లే హక్కు కూడా ఇవ్వాల్సి వస్తుందని 1857లో, స్వేచ్ఛ కోరుతూ డ్రెడ్ స్కాట్ అనే బానిస వేసిన కేసు తీర్పులో ప్రధాన న్యాయమూర్తి టానీ రాశాడు. పౌరసత్వం నిరాకరించడానికి ఆయన చూపిన కారణాల్లో ఇదొకటి. బానిసత్వం రద్దయిన 1865లోనే మిసిసిపీ రాష్ట్రం, లైసెన్సు లేకుండా వాళ్లు తుపాకీ ఉంచుకోకూడదని చట్టం చేసింది. నియంత్రణ అనగానే 'ఎవరి చేతిలోంచి లాక్కోవడానికి?' అని అడిగేవాళ్ల అనుమానం గాలిలోంచి పుట్టలేదు.

తుపాకీ హక్కుల కోటగా పేరుపడ్డ నేషనల్ రైఫిల్ అసోసియేషన్‌ను 1871లో అంతర్యుద్ధంలో ఉత్తరాది తరఫున పనిచేసిన అధికారులు స్థాపించారు. సైనికులకు గురి సరిగా కుదరడం లేదన్నదే వాళ్ల బాధ. 1934లో, గ్యాంగ్‌స్టర్ల కాలంలో, మెషీన్ గన్ల మీద కాంగ్రెస్ 200 డాలర్ల పన్ను వేసింది. అప్పట్లో టామీ గన్ ఖరీదే ఇంచుమించు అంత. ఆ బిల్లు విచారణలో సంఘం అధ్యక్షుడు కార్ల్ ఫ్రెడరిక్, ఎవరుపడితే వాళ్లు తుపాకీ పట్టుకు తిరగడం తనకు నచ్చదనీ, లైసెన్సు ఉన్నవాళ్లకే అనుమతించాలనీ చెప్పాడు. నేటి సభ్యులకి ఈ మాట చూపిస్తే నమ్మడం కష్టం.

1963లో కెనెడీని చంపిన రైఫిల్ పోస్టులో వచ్చింది. ఆస్వాల్డ్ దొంగపేరుతో ఒక కూపన్ నింపి, డబ్బు జతచేసి పంపాడు. ఆ ప్రకటన వచ్చింది ఇదే సంఘం పత్రికలో. టెలిస్కోపుతో కలిపి ధర 19 డాలర్ల 95 సెంట్లు. అయినా తపాలా అమ్మకాల్ని ఆపే చట్టం రావడానికి ఐదేళ్లు పట్టింది. 1968లో మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెనెడీ హత్యల తర్వాతే అది వచ్చింది. ఈలోగా 1967లో నల్లజాతి హక్కుల కోసం పోరాడే బ్లాక్ పాంథర్లు తుపాకులతో కాలిఫోర్నియా శాసనసభలోకి నడిచారు. ఆ ఏడాదే నిండు తుపాకీని బాహాటంగా పట్టుకు తిరగడాన్ని నిషేధిస్తూ సంతకం పెట్టిన గవర్నరు రొనాల్డ్ రీగన్.

అసలు మలుపు 1977. సిన్సినాటీలో జరిగిన వార్షిక సమావేశంలో సంఘం పాత నాయకత్వాన్ని అతివాదులు తెల్లవారుజాము దాకా ఓటింగు నడిపి దించేశారు. వేట, గురిపోటీలు వెనక్కి వెళ్లాయి, రాజకీయం ముందుకొచ్చింది. 1986 చట్టంతో తుపాకీ యజమానుల కేంద్ర రిజిస్టరు తయారుచేయడం నిషిద్ధమైంది. దాని ఫలితం వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో కనిపిస్తుంది. మూతపడ్డ తుపాకీ దుకాణాల రికార్డులు అక్కడి ఫెడరల్ కేంద్రానికి పెట్టెలకొద్దీ వస్తాయి. వాటిని స్కాన్ చేస్తారు కానీ పేరు కొట్టి వెతికే వీలు ఉండకూడదు. హత్యకు వాడిన పిస్తోలు ఎవరు కొన్నారో తెలుసుకోవాలంటే పేజీ తర్వాత పేజీ తిప్పాల్సిందే.

నియంత్రణ పక్షానికీ కొన్ని విజయాలు దక్కాయి. 1981లో రీగన్ మీద జరిగిన కాల్పుల్లో గాయపడ్డ జేమ్స్ బ్రేడీ పేరిట 1993లో కొనుగోలుదారుల నేర చరిత్ర తనిఖీ వచ్చింది. 1994లో వచ్చిన అసాల్ట్ ఆయుధాల (సైనిక తరహా తుపాకుల) నిషేధానికి పదేళ్ల గడువు పెట్టారు, 2004లో అది తీరిపోయింది, ఎవరూ పొడిగించలేదు.

ఆత్మరక్షణకు ఇంట్లో తుపాకీ ఉంచుకోవడం వ్యక్తి హక్కేనని సుప్రీంకోర్టు మొదటిసారి స్పష్టంగా చెప్పింది 2008లో, హెల్లర్ కేసులో. అదీ 5-4 మెజారిటీతో. సవరణ వచ్చిన 217 ఏళ్లకన్నమాట. ఏ ఆంక్షలైనా చెల్లవని మాత్రం ఆ తీర్పు అనలేదు.

2012లో శాండీ హుక్ బడిలో 20 మంది పిల్లలు, ఆరుగురు పెద్దలు చనిపోయారు. కొత్త ఫెడరల్ చట్టమేదీ సెనేట్ గడప దాటలేదు. 2022 మే నెలలో టెక్సాస్‌లోని యువాల్డీ బడిలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయాక ఒక మోస్తరు చట్టం జూన్ 25న వచ్చింది. దానికి సరిగ్గా రెండురోజుల ముందు బ్రూయెన్ కేసులో సుప్రీంకోర్టు ఇంటి బయట తుపాకీ పట్టుకు తిరగడానికి న్యూయార్క్ పెట్టిన లైసెన్సు నిబంధనను కొట్టేసింది. ఆంక్ష నిలవాలంటే అలాంటిది దేశ చరిత్రలో ఉండేదని ప్రభుత్వమే చూపించాలంది. దాంతో జడ్జీలు చరిత్రకారుల పనిలో పడ్డారు. టూంబ్‌స్టోన్ కాలంనాటి పడమటి టెరిటరీల (ఇంకా రాష్ట్రాలు కాని ప్రాంతాల) ఆంక్షలు కూడా ఆ కేసులో ప్రస్తావనకొచ్చాయి. అక్కడి జనాభా అతి తక్కువ, ఆ చట్టాలు నిలిచింది కొద్దికాలమే అంటూ కోర్టు వాటిని పక్కనపెట్టింది.

రెండేళ్ల తర్వాత రహీమీ కేసులో, గృహహింస కారణంగా కోర్టు నిషేధాజ్ఞ ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ ఉండకూడదన్న చట్టం 8-1తో నిలిచింది. అసమ్మతి తెలిపిన ఆ ఒక్కరూ బ్రూయెన్ తీర్పు రాసిన జస్టిస్ థామసే.