టాహోనా, ఎక్స్‌పెడిషనా: ఈ పోటీ వెనక ఉన్న ట్రక్కు కథ

అమెరికాలో ఏడెనిమిది మంది పట్టే పెద్ద ఎస్‌యూవీ కొనాలనుకునేవాళ్లు చాలావరకు రెండు కంపెనీల మధ్యే తేల్చుకోలేక ఆగిపోతారు. ఒకవైపు జనరల్ మోటార్స్ వాళ్ల షెవర్లే టాహో, దాని పొడుగు రూపమైన సబర్బన్. ఇంకోవైపు ఫోర్డ్ ఎక్స్‌పెడిషన్, దాని పొడుగు రూపమైన ఎక్స్‌పెడిషన్ మ్యాక్స్. టయోటా సెకోయా, నిస్సాన్ అర్మాడా, జీప్ గ్రాండ్ వాగనీర్ కూడా బరిలో ఉన్నాయి గానీ అసలు పోటీ మొదటి నుంచీ ఈ ఇద్దరిదే. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో ఉండే మన తెలుగు ఇళ్లలోనూ ఈ చర్చ మామూలే. పిల్లలకు రెండు కార్ సీట్లు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, వాళ్లతో పాటు దిగే నాలుగు పెద్ద సూట్‌కేసులు. మూడో వరుసలో పెద్దవాళ్లు కూర్చోగలరా? కూర్చున్నాక డిక్కీలో చోటు మిగులుతుందా?

ఈ ప్రశ్నలకు పదేళ్ల కిందట ఒక జవాబు, ఇప్పుడు ఇంకో జవాబు. తేడా అంతా సీటు కింద ఉంది.

ముందు సైజు సంగతి. మన దగ్గర రోడ్డు మీద దారి ఇచ్చి పక్కకు తప్పుకునే ఫార్చూనర్ పొడవు 4.8 మీటర్లకు కాస్త తక్కువ. ఇప్పటి సబర్బన్ 5.7 మీటర్లు దాటుతుంది. ఇంత పెద్ద బండి కుటుంబాల కోసం పుట్టిందని అనుకుంటాం గానీ, 1935లో షెవర్లే మొదటి సబర్బన్ క్యారీఆల్‌ను తయారు చేసింది పనివాళ్లనీ సామాన్లనూ కలిపి మోయడానికి. అరటన్ను ట్రక్కు ఛాసిస్ మీద స్టీల్ బాడీ బిగించి, మూడు వరుసల్లో ఎనిమిది మంది కూర్చునేలా సీట్లు పెట్టారు. సీట్లు తీసేస్తే సరుకు బండి. ధర 675 డాలర్లు. ఉన్నవి రెండే తలుపులు, వెనక వరుసలోకి వెళ్లాలంటే ముందు సీట్లను దాటుకుని పోవాల్సిందే. నాలుగు తలుపులు 1973 మోడల్‌తో గానీ రాలేదు. అంతకుముందు కొన్నేళ్లు మూడు తలుపులతో అమ్మారు: డ్రైవర్ వైపు ఒకటి, అటువైపు రెండు. ఇంత విచిత్రమైన ఏర్పాటును జనం పెద్దగా పట్టించుకోలేదంటే కారణం ఒకటే. అప్పట్లో పిల్లాపాపలతో తిరిగేవాళ్లు కొన్నది స్టేషన్ వ్యాగన్. కారు ఛాసిస్ మీద కట్టిన, వెనక పొడుగాటి డిక్కీ ఉన్న బండి. సబర్బన్ పడవను లాగేవాళ్లకీ, కాంట్రాక్టర్లకీ, పొలాలున్నవాళ్లకీ.

మరి స్టేషన్ వ్యాగన్ ఎక్కడికి పోయింది? జనం అభిరుచి మారిందని తేలిగ్గా చెప్పేస్తారు. నా లెక్కలో అభిరుచి కంటే చట్టం పాత్ర పెద్దది.

1973లో అరబ్ దేశాలు చమురు ఆపేశాక అమెరికాలో పెట్రోలు బంకుల ముందు క్యూలు మొదలయ్యాయి. 1975 డిసెంబరులో కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, ఇంధన పొదుపు చట్టం తెచ్చింది. ప్రతి కంపెనీ అమ్మే కార్ల సగటు మైలేజీ 1978 నాటికి గాలన్‌కు 18 మైళ్లు, 1985 నాటికి 27.5 మైళ్లు ఉండాలి. తగ్గితే జరిమానా. అయితే రైతులు, చేతిపనివాళ్లు వాడే పికప్‌లకు కార్ల లెక్క పెడితే ఎలా అన్న వాదనతో తేలికపాటి ట్రక్కులకు వేరే లక్ష్యం పెట్టారు. అది ఎప్పుడూ తక్కువే. 1996 నుంచి 2004 దాకా 20.7 మైళ్ల దగ్గరే కదలకుండా ఉండిపోయింది. ట్రక్కు అంటే ఏమిటన్నదానికి ఇచ్చిన నిర్వచనంలో సబర్బన్ లాంటి బండ్లు సులువుగా ఇమిడిపోయాయి. 1978లో పెట్రోలు ఎక్కువ తాగే బండ్ల మీద వేసిన పన్నూ అంతే. అది కార్లకే. ఇప్పటికీ మైలేజీ మరీ తక్కువున్న కారు మీద 7,700 డాలర్ల దాకా పడుతుంది, ఎస్‌యూవీ మీద ఒక్క డాలరు కూడా పడదు.

కంపెనీ వైపు నుంచి చూడండి. ఒక కుటుంబానికి పెద్ద స్టేషన్ వ్యాగన్ అమ్మితే కార్ల సగటు కిందికి పోతుంది. అదే కుటుంబానికి అంతకంటే బరువైన సబర్బన్ అమ్మితే అది ట్రక్కుల ఖాతాలో పడుతుంది, కార్ల సగటు చెక్కుచెదరదు. ఏది అమ్మాలో చెప్పడానికి మేనేజ్‌మెంట్ చదువు అక్కర్లేదు. (మన దగ్గర 2006 బడ్జెట్‌లో చిన్న కార్ల ఎక్సైజ్ సుంకం తగ్గించి, పొడవుకు నాలుగు మీటర్ల హద్దు పెట్టాక కార్ల వెనక భాగాలు ఎలా తెగిపోయాయో గుర్తు చేసుకోండి. అదే తంతు.)

దీనికి తోడు కోళ్ల గొడవ ఒకటి ఉంది. అమెరికా కోడిమాంసం మీద ఐరోపా సుంకం పెంచిందని 1963 డిసెంబరులో లిండన్ జాన్సన్ ప్రభుత్వం ఎదురు సుంకాలు వేసింది. వాటిలో మిగతావన్నీ కాలక్రమంలో పోయాయి, దిగుమతి ట్రక్కుల మీద 25 శాతం మాత్రం ఉండిపోయింది. దాంతో పెద్ద పికప్‌ల మార్కెట్‌లోకి జపాన్ కంపెనీలు రావడం ఆలస్యమైంది. పికప్ ఫ్రేమ్ మీద ఖర్చు డెట్రాయిట్ కంపెనీలకు ఎలాగూ తిరిగొచ్చేసేది. అదే ఫ్రేమ్ మీద ఇంకో బాడీ పెట్టి, లెదర్ సీట్లు వేసి, రెట్టింపు లాభానికి అమ్ముకోవచ్చు.

1990లో వచ్చిన ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ మధ్యతరగతిని ట్రక్కులెక్కించింది. 1995 మోడల్‌గా నాలుగు తలుపుల టాహో వచ్చింది. 1996 చివర్లో జనరల్ మోటార్స్ టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్ ఫ్యాక్టరీలో కాప్రిస్, రోడ్‌మాస్టర్ లాంటి పెద్ద కార్లను, వాటి వ్యాగన్లతో సహా ఆపేసి, అదే ఫ్యాక్టరీని ట్రక్కులకు మార్చేసింది. డాలస్‌కూ ఫోర్ట్ వర్త్‌కూ మధ్య ఉన్న ఆ ఫ్యాక్టరీ నుంచే ఇప్పుడు టాహో, సబర్బన్, యుకాన్, ఎస్కలేడ్ అన్నీ వస్తున్నాయి. స్టేషన్ వ్యాగన్ చావూ పెద్ద ఎస్‌యూవీ పెరుగుదలా ఒకే షెడ్డులో జరిగాయన్నమాట.

అదే 1996లో ఫోర్డ్ దిగింది. తన పాత ఎస్‌యూవీ బ్రాంకోను ఆపి, ఎఫ్-150 పికప్ ఫ్రేమ్ మీద ఎక్స్‌పెడిషన్ తెచ్చింది. కొలతలు ఎంత ఆలోచించి పెట్టారో చూడండి: టాహో కంటే ఐదు అంగుళాలు ఎక్కువ, సబర్బన్ కంటే పదిహేను అంగుళాలు తక్కువ. అప్పటి టాహోలో మూడో వరుసే లేదు, ఎక్స్‌పెడిషన్‌లో కావాలంటే వేయించుకోవచ్చు. ఒక్కో బండి మీద పదివేల డాలర్లకు పైగా లాభం వస్తోందని అప్పట్లో విశ్లేషకులు లెక్కగట్టారు. ఆ ఊపులో ఫోర్డ్ 2000 మోడల్‌గా ఎక్స్‌కర్షన్ అనే ఇంకా పెద్దదాన్ని తెచ్చింది. 8,500 పౌండ్ల హద్దు దాటినందువల్ల దానికి మైలేజీ నిబంధనే వర్తించలేదు. పర్యావరణ సంస్థ సియెర్రా క్లబ్ దానికి ‘ఫోర్డ్ వాల్డీజ్’ అని పేరు పెట్టింది. 1989లో అలాస్కా తీరంలో చమురు ఒలకబోసిన ఓడ పేరు అది. ఎస్‌యూవీల వల్ల పర్యావరణానికీ, ఎదుటి బండ్లలో వాళ్లకీ హాని ఎక్కువేనని 2000 మేలో ఫోర్డ్ ఛైర్మన్ బిల్ ఫోర్డే ఒప్పుకున్నారు. ఒప్పుకుని, లాభాలున్నాయి కాబట్టి తయారీ మాత్రం మానలేమన్నారు. నిజాయితీయే అనుకోవాలి.

ఇక అసలు విషయానికి, సీటు కిందికి వద్దాం. ట్రక్కుల్లో రెండు వెనక చక్రాలనూ కలుపుతూ ఒకటే గట్టి యాక్సిల్ ఉంటుంది, మధ్యలో ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్. చక్రం గుంతలో పడి లేచినప్పుడల్లా ఆ దూలం మొత్తం పైకి లేస్తుంది. అది లేవడానికి ఖాళీ వదలాలి కాబట్టి దాని పైన ఉండే ఫ్లోరును ఎత్తుగా కట్టాలి. అక్కడే మూడో వరుస ఉంటుంది. ఫ్లోరు ఎత్తు, పైకప్పు అంతే, కాబట్టి సీటు కిందికి దిగిపోతుంది. పెద్దవాళ్లు కూర్చుంటే పీట మీద కూర్చున్నట్టు మోకాళ్లు పైకొస్తాయి. ఇండిపెండెంట్ సస్పెన్షన్‌లో డిఫరెన్షియల్‌ను ఫ్రేముకే బిగించేస్తారు, అది కదలదు. చక్రాలు మాత్రం వేర్వేరుగా లేచి దిగుతాయి. ఫ్లోరు కిందికి దించొచ్చు, సీటును అందులోకే మడిచెయ్యొచ్చు.

ఫోర్డ్ ఈ పని 2003 మోడల్ ఎక్స్‌పెడిషన్‌లోనే చేసింది. బటన్ నొక్కితే మూడో వరుస ఫ్లోరులోకి పడుకునేది. జనరల్ మోటార్స్ బండ్లలో 2014 దాకా ఆ సీట్లను చేత్తో ఎత్తి బయటికి తీసి గ్యారేజీలో పెట్టుకోవాల్సి వచ్చేది. 2015 మోడల్‌లో మడిచే సీట్లు ఇచ్చారు గానీ, యాక్సిల్ మార్చకుండా డిక్కీ ఫ్లోరునే ఎత్తు చేసి సరిపెట్టారు. దాంతో సామాన్ల చోటు తగ్గింది. గట్టి యాక్సిల్ అయితే చౌక, పికప్‌తో ఉమ్మడి, బరువు లాగడానికి మొండిది అన్నది కంపెనీల పాత వాదన. కానీ ఇండిపెండెంట్ సస్పెన్షన్‌తోనే 2018 ఎక్స్‌పెడిషన్ 9,300 పౌండ్ల, అంటే 4,200 కిలోల దాకా లాగగలిగింది. కాబట్టి ఆ వాదనలో మిగిలింది ఖర్చే.

మెరుగైన బండి ఉండి కూడా ఫోర్డ్ అమ్మకాల్లో ఎందుకు వెనకబడింది? 2008 జూలైలో చమురు బ్యారెల్ 147 డాలర్లకు చేరింది. విస్కాన్సిన్ రాష్ట్రం జేన్స్‌విల్‌లో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ ఆ ఏడాది డిసెంబరు 23న, క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు, ఆఖరి టాహోను బయటికి పంపి మూతపడింది. తర్వాతి జూన్‌లో కంపెనీయే దివాలా కోర్టుకెక్కింది. ఫోర్డ్ మిషిగన్‌లోని ఎక్స్‌పెడిషన్ ఫ్యాక్టరీని చిన్న కారు ఫోకస్‌కు ఇచ్చేసి, ఎక్స్‌పెడిషన్‌ను కెంటకీకి పంపింది. పెద్ద బండ్ల కాలం అయిపోయిందని ఫోర్డ్ నమ్మినట్టుంది. 2007లో దిద్దిన మోడల్‌నే చిన్నచిన్న మార్పులతో 2017 దాకా అమ్మింది. పెట్రోలు దిగింది, జనం మళ్లీ వచ్చారు. వచ్చేసరికి కొత్త మోడల్ జనరల్ మోటార్స్ షోరూమ్‌లోనే ఉంది. పోలీసు శాఖలకు టాహో, ప్రభుత్వ కాన్వాయ్‌లకు సబర్బన్ అమ్ముడవడం అదనపు బలం.

2018 మోడల్‌గా ఫోర్డ్ అల్యూమినియం బాడీతో కొత్త ఎక్స్‌పెడిషన్ తెచ్చాక గానీ అవతలివాళ్లకు కదలిక రాలేదు. అన్నట్టు అందులోని పది గేర్ల గేర్‌బాక్సు ఫోర్డ్, జనరల్ మోటార్స్ కలిసి తయారు చేసుకున్నదే. పోటీ పోటీయే, ఖర్చు ఖర్చే. 2021 మోడల్ టాహో, సబర్బన్‌లలో చివరికి గట్టి యాక్సిల్ పోయింది. టాహోలో మూడో వరుస కాళ్ల చోటు ఒక్కసారిగా పది అంగుళాలు పెరిగింది. ఆ సీటు వెనక డిక్కీ 15.3 ఘనపుటడుగుల నుంచి 25.5కు చేరింది. ఫోర్డ్ పద్దెనిమిదేళ్ల ఆధిక్యం ఒక్క మోడల్‌తో కరిగిపోయింది. బండి పొడవు దాదాపు ఏడు అంగుళాలు పెరిగిందన్నది కూడా గమనించాలి. గత దశాబ్దంన్నరగా మైలేజీ లక్ష్యాన్ని చక్రాల మధ్య విస్తీర్ణాన్ని బట్టి నిర్ణయిస్తున్నారు. విస్తీర్ణం పెరిగితే లక్ష్యం తేలికవుతుంది. బండ్లు పెరగడానికి కుటుంబాల అవసరం ఒక్కటే కారణం కాదు.

విచిత్రం టయోటాది. 2008 సెకోయాలో ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఇచ్చి, 2023లో హైబ్రిడ్ చేసినప్పుడు తిరిగి గట్టి యాక్సిల్‌కు వెళ్లింది. బ్యాటరీని మూడో వరుస కింద పెట్టడంతో సీట్లు చదునుగా మడవవు, డిక్కీ ఇరుకు. 437 హార్స్‌పవర్ బలముంది, ఈ తరగతిలో మంచి మైలేజీ ఉంది, టయోటా పేరుంది. నలుగురే తిరిగే ఇంటికి అది బాగానే ఉంటుంది. ఆరుగురు, ఆరు పెట్టెలు అంటే మాత్రం సబర్బన్ గానీ ఎక్స్‌పెడిషన్ మ్యాక్స్ గానీ చూసుకోవడమే.

ఆ రెంటిలో ఏదన్నది ఇప్పుడు ఇంజన్ దగ్గర తేలుతోంది. జనరల్ మోటార్స్ ఇంకా ఎనిమిది సిలిండర్ల వీ8ను వదల్లేదు, కావాలంటే మూడు లీటర్ల డీజిల్ కూడా ఇస్తోంది. ఆ వీ8లలో పెద్దదైన 6.2 లీటర్ల ఇంజన్‌ను క్రాంక్‌షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్ లోపాల వల్ల 2025 ఏప్రిల్‌లో అమెరికాలోనే దాదాపు ఆరు లక్షల బండ్లలో రీకాల్ చేయాల్సి వచ్చింది. ఫోర్డ్ పూర్తిగా ఆరు సిలిండర్ల టర్బో వీ6 మీదే నిలబడింది. 2025 జూలై 4న సంతకమైన చట్టంతో మైలేజీ లక్ష్యం తప్పిన కంపెనీలకు జరిమానా సున్నా అయింది. లక్ష్యాలు కాగితం మీద ఉన్నాయి, తప్పితే కట్టాల్సిందేమీ లేదు. 1975 నుంచి వ్యాగన్‌ను చంపి ట్రక్కును పెంచిన ఒత్తిడి అలా సడలింది. పెద్ద ఇంజన్ వదులుకోమని డెట్రాయిట్‌ను ఒత్తిడి చేసేది ఇప్పుడిక పెట్రోలు ధర ఒక్కటే.