మామ్మ ఊళ్లోనే ఎందుకు ఉంటుంది?

చిరంజీవులైన పిల్లలకు మీ మామ్మ ఆశీర్వదించి వ్రాయునది.

సంక్రాంతికి వచ్చినప్పుడు, మామ్మ ఊళ్లో ఒక్కతే ఉంటుందేం, నాన్నకు మామ్మ మీద ప్రేమ లేదా అని మీలో చిన్నవాడు అడిగిన మాట నా మనసులో ఉండిపోయింది. పెద్దవాళ్లు ఎక్కడ, ఎవరి దగ్గర ఉంటారన్నది ప్రేమ ఒక్కటే తేల్చే సంగతి కాదు.

అన్నిటికంటే పెద్ద మార్పు భర్తో భార్యో పోయినప్పుడు వస్తుంది. మా తరంలో పెళ్లికొడుకు పెళ్లికూతురి కంటే చాలా ఏళ్లు పెద్దవాడై ఉండేవాడు, పైగా ఆడవాళ్ల ఆయుర్దాయం కాస్త ఎక్కువ, కాబట్టి చివరికి ఒంటరిగా మిగిలేది చాలావరకు స్త్రీయే. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 60 ఏళ్లు దాటినవారు 10 కోట్లకు పైగా ఉంటే, వారిలో మగవారి కంటే ఆడవారే ఎక్కువ. అలా మిగిలిన స్త్రీ తనకు నచ్చిన చోట ఉండగలదా అన్నది, ఇల్లు ఎవరి పేర ఉంది, చేతిలో సొంత డబ్బు ఎంత ఉంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. మీ తాతయ్య ఈ ఇంటిని నా పేర రాయించారు కనుకనే నా పొయ్యి మీద నేను వండుకుంటున్నాను. ఉన్నదంతా ముందే కొడుకులకు రాసిచ్చి, ఆ తరువాత నెలకొకరి ఇంట్లో వంతుల వారీగా గడిపిన ఒక పెద్దావిడను మన వీధిలోనే చూశాను. నెలాఖరున ఆవిడ సంచి సర్దుకుంటుంటే ముఖం చూడలేకపోయేదాన్ని. చూసుకుంటామన్న షరతు మీద పిల్లలకు ఆస్తి రాసిచ్చిన దస్తావేజును, వారు చూడకపోతే రద్దు చేయించుకునే వీలు తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ కోసం వచ్చిన 2007 చట్టం కల్పించింది గాని, కన్నబిడ్డ మీద ఫిర్యాదు రాయడానికి ఎందరు తల్లులకు చెయ్యి వస్తుంది?

అత్త దగ్గర ఉండవచ్చు కదా అని కూడా అడిగారు. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కు దేశమంతటా 2005లో వచ్చింది. మన రాష్ట్రం పెళ్లికాని కూతుళ్లకు 1986 సవరణతోనే ఇచ్చింది. అయినా అల్లుడి పంచన చేరారన్న మాటకు మా వయసువారు ఇప్పటికీ వెనుకాడుతున్నారు. ఇది మారాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

2024 జూలై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలయింది. మందులకూ పాలకూ ఎవరినీ అడగనక్కరలేకపోవడం ఎంత ధైర్యమో మాటల్లో చెప్పలేను.

ఇక మీ హైదరాబాదు ఫ్లాటులో పగలంతా మీరు బడిలో, అమ్మానాన్నలు ఉద్యోగాల్లో ఉంటారు. ఇక్కడ అరుగు మీద కూర్చుంటే దారిన పోయే ప్రతివారూ పలకరిస్తారు. అయితే రాత్రిపూట పడిపోతే లేవదీసేవారు లేరన్న భయం నాకూ ఉంది. మోకాళ్లు సహకరించనినాడు తప్పక వస్తాను. కింది అంతస్తులో గది, స్నానాలగదిలో పట్టుకోవడానికి ఒక కమ్మీ ఉండాలని మీ నాన్నకు ఇప్పటికే చెప్పాను.

ఇట్లు,
మీ మామ్మ